రత్నమాణిక్యం వేయని ముడి

రత్నమాణిక్యం ముడి వేసిన అంటు ఊడదని కడియం నర్సరీల్లో పేరు. ముప్పై ఏళ్లుగా ఆమె మామిడి కొమ్మకు కొమ్మను చేర్చి, పాలిథిన్ రిబ్బను చుట్టి, కొసను పళ్లతో పట్టి లాగుతోంది. గాలి దూరకూడదు. రెండు గాయాలూ తాము గాయాలమని మరిచిపోయేదాకా బిగించాలి. ఆమె బొడ్లో ఎప్పుడూ రిబ్బను చుట్ట ఉంటుంది.

పదకొండేళ్ల కిందట ఆ చేతులే భర్త చిట్టియ్య కాలికి ముడి వేశాయి. కుండీల మధ్య పాము కరిస్తే, పిక్కకు ఏడు చుట్లు చుట్టి, అంటును బిగించినట్టే బిగించింది. ఆసుపత్రికి చేరేసరికి మూడు గంటలు గడిచాయి. ఇంజెక్షన్లు ప్రాణం నిలిపాయి. నెత్తురు అందక నల్లబడిన పాదాన్ని మాత్రం తీసేశారు. "విషం కంటే ఈ కట్టే ఎక్కువ చెడు చేసిందమ్మా" అన్నాడు డాక్టరు. చిట్టియ్య ఆమెను ఏనాడూ ఒక్క మాట అనలేదు. స్టూలు మీద కూర్చుని గొట్టంతో మొక్కలు తడుపుతాడు. ఆ నీళ్ల చప్పుడు వింటే ఆమెలో ఏదో తడిసి బరువెక్కుతుంది.

తరవాతెప్పుడో ఏఎన్ఎం తబిత చర్చి ఆవరణలో పాముకాటు గురించి చెబుతుంటే రత్నమాణిక్యం ముందు వరసలో కూర్చుంది. కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, నడిపించొద్దు. విరిగిన కాలిని కాచినట్టు కదలకుండా కాచి, వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. విన్నది, నమ్మింది. చేతులు నమ్మాయో లేదో తెలియదు.

మొన్న జూలైలో, మబ్బు కమ్మిన పొద్దున, గులాబీ కుండీలు జరుపుతున్న తోటి కూలీ ఏసమ్మ కేక పెట్టింది.

"అక్కా, ఏదో కరిసింది!"

పాదం మీద రెండు ఎర్రటి చుక్కలు. పాము ఒంటి మీది గోధుమరంగు మచ్చల వరస తడి కొబ్బరిపొట్టులోకి మెల్లగా ఇంకిపోయింది.

మేస్త్రీ శ్యాంబాబు పరుగెత్తుకొచ్చాడు. "పిన్నీ, రిబ్బను తియ్యి! గట్టిగా కట్టు. నీ ముడైతే విషం పైకెక్కదు."

ఆమె చెయ్యి అప్పటికే బొడ్లోకి వెళ్లింది. రిబ్బను కొస వేళ్లకు తగిలింది. కట్టకుండా ఉంటే, ఏసమ్మ పోతే? దూరంగా గొట్టం చప్పుడు ఆగిపోయింది. చిట్టియ్య ఇటే చూస్తున్నాడు.

రత్నమాణిక్యం ఆ చుట్టను తీసి కుండీల అవతలికి విసిరేసింది.

"కట్టకూడదు. నూటెనిమిదికి ఫోన్ చెయ్యి, బాబూ."

"ఏంటి పిన్నీ, చూస్తూ కూర్చోమంటావా? పోనీ పామునైనా చంపి పట్టుకెళదాం."

"ఆసుపత్రిలో దానికీ పక్కమంచం వేయిస్తావా? ముందు ఫోన్ చెయ్యి!"

ఏసమ్మను పడుకోబెట్టి, వాపు రాకముందే కాలి పట్టీ తీసేసింది. మొక్కలకు ఊతంగా పాతే వెదురు బద్దలు రెండు తెచ్చి కాలికి అటూ ఇటూ పెట్టి, తువ్వాలు చింపి, వేలు దూరేంత వదులుగా చుట్టింది. అంత వదులు ముడి ఆమె జన్మలో వేయలేదు.

"చచ్చిపోతానా అక్కా?"

"నోటికొచ్చింది మాట్లాడుకో, కాలు మాత్రం కదపకు. నే చెప్పేదాకా కదపకు."

అంబులెన్సు ఇరవై నిమిషాలకు వచ్చింది. శ్యాంబాబు తోడు వెళ్లాడు. ఆ రోజు రత్నమాణిక్యం ఒక్క అంటూ సరిగా కట్టలేకపోయింది. ప్రతి కొమ్మా ఒక కాలిలా కనబడింది.

సాయంత్రం రాజమండ్రి నుంచి ఫోన్ మోగింది.

"మందు ఎక్కించారు పిన్నీ. గండం గడిచినట్టే అంటున్నారు గానీ..."

"గానీ ఏంటి? కాలు?"

"వాపుంది. డాక్టరుగారు వేళ్లు కదపమంటే కదపట్లేదు."

ఆమె పక్కనే ఉన్న స్టూలు అంచు పట్టుకుంది. చిట్టియ్య ఆమె మణికట్టు అందుకున్నాడు.

"ఎందుకని, బాబూ?"

"నువ్వు చెప్పేదాకా కదపకూడదంట. ఇదిగో, చెవి దగ్గర పెడుతున్నా. నువ్వే చెప్పు."

రత్నమాణిక్యం ఫోన్‌ను నోటికి దగ్గరగా జరుపుకుంది.

"కదుపు, ఏసమ్మా."