అల్లుడి చేతికి పార

మద్రాసులో పశువుల డాక్టరు చదువుకు సీటు అడగబోతే, అక్కడి కాలేజీ పెద్ద, ఒక తెల్లదొర, నన్ను పెద్దగా ఏమీ అడగలేదు. నా రెండు అరచేతులూ తిప్పి చూశాడు. కర్నూలు గుమాస్తా కొడుకు చేతులు ఎలా ఉంటాయి? మెత్తగా ఉన్నాయి. "ఈ ఎండాకాలం పశువుల దగ్గర పనిచేసి రా. మళ్లీ చేతులు చూస్తాను. అప్పుడూ ఇలాగే ఉంటే ఇక రావద్దు" అన్నాడు.

నాకు తెలిసిన పశువులన్నీ బేతంచెర్ల దగ్గర పల్లెలో, మా మేనమామ కొట్టంలో ఉన్నాయి. రెండు జతల ఎద్దులు, మూడు ఎనుములు, అంటే గేదెలు. పెట్టె సర్దుకుని అక్కడికి పోయాను.

నా ఖర్మేమిటంటే మా మామకు ఒక కూతురు. ఆ పిల్ల పుట్టిన రోజే మా అమ్మా ఆయనా మాట అనుకున్నారు. అంటే నేను ఆ ఇంటికి కాబోయే అల్లుణ్ణి. అల్లుడి చేత పేడ ఎత్తించిన మామ మా వైపు ఇంతవరకు పుట్టలేదు.

మొదటి రోజు పార అందుకోబోతే మామ లాక్కున్నాడు.

"ఏం చేస్తాండావు అల్లుడా? నువ్వు పేడెత్తితే ఊర్లో నా మొగం యాడ పెట్టుకోవల్ల?"

"పని నేర్చుకునేదానికే వచ్చినా మామా."

"నేర్చుకుందువులే. ముందు ఉగ్గాని తిను."

ఆ బొరుగుల ఉప్మా తిన్నాను. మర్నాడు ఇంకా ముందే లేచాను. అప్పటికే కొట్టంలో పేడంతా ఎత్తేసి, నాపరాళ్లు కడిగేసి ఉన్నాయి. ఎంత ముందు లేచినా ఇదే వరస. మడక పట్టి దున్నుతానంటే మామ చేని గట్టున నాకు మంచం వేయించేవాడు. పాలు పితుకుతానంటే మా అత్త చెంబు దాచేది, తరువాత ఆ పాలే కాచి నాకు పోసేది. నెల తిరిగేసరికి నా చేతులు వచ్చినప్పటికంటే మెత్తబడ్డాయి. ఎవరి మీద అరవాలో తెలియక ఒళ్లు మండిపోయేది.

ఊరివాళ్ల సంగతి ఇంకా ఘోరం. అల్లుడు పశువుల డాక్టరని మామ అందరికీ ముందే చెప్పేశాడు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం! రోజూ ఎవరో ఒకరు కుంటే ఎద్దునో, మేత ముట్టని ఎనుమునో తోలుకొచ్చేవారు.

"ఏమప్పా డాక్టరప్పా, దీనికేమయిండాది?"

నాకేం తెలుసు! నాకింకా సీటే రాలేదు మొర్రో అంటే, శానా చదివినోళ్లు అట్లనే అంటారని మెచ్చుకునేవాళ్లు. తల ప్రాణం తోకకొచ్చింది.

ఒక ఉదయం మామ పార ఎక్కడ దాస్తున్నాడో కనిపెట్టాను, జొన్నచొప్ప వెనుక. బయటికి లాగేసరికి ఆయన వచ్చి కర్ర రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరం గుంజుకుంటుంటే ఎద్దులు మేత మాని మమ్మల్ని చూస్తున్నాయి.

"సీటు పోతే నా బతుకేం గావల్ల మామా!" అని అరిచాను. ఏడుపు కూడా వచ్చింది.

అప్పుడే మా మరదలు పేడగంప నెత్తిన పెట్టుకుని దిబ్బకు పోతూ ఆగింది. నేను వచ్చినప్పటి నుంచి నాతో ఒక్క మాట మాట్లాడని పిల్ల. రోజూ నాకంటే ముందు లేస్తున్నది ఎవరో అప్పటికి తెలిసింది.

"నాయనా, ఈ బావను నేను చేసుకోను" అంది.

మామ చేతిలోంచి కర్ర జారింది. "ఏమంటివి?"

"ఈయప్ప కంటే ముందు లేసి లేసి నా నడుము ఇరిగిపోతాండాది. అల్లుడైతేనే గదా పేడెత్తగూడనిది? అల్లుడు గాదు, పో. పార ఇయ్యి. పెండ్లి మాట ఆయన డాక్టరయినంక చూద్దాం."

మామ గడ్డం గోక్కుని, కూతురి నెత్తిన గంప దించి నా నెత్తిన పెట్టాడు. ఆ రోజు నుంచి "అల్లుడా" పోయి "ఒరేయ్" వచ్చింది, ఉగ్గాని పోయి రాత్రి మిగిలిన సంగటి వచ్చింది. "ఒరేయ్, ఎనుము కింద అంత పేడా కసువూ పెట్టుకొని యాడ చూస్తాండావు?" మర్యాద కోసం నెలంతా మింగిన తిట్లన్నీ వరసగా కక్కాడు. ఆయన గొంతు విన్నప్పుడల్లా పార ఆయన మీదికే విసరాలనిపించేది. అయినా తొలకరి దాకా పేడ ఎత్తాను, పాలు పితికాను, ఎద్దు చేత కాలు తొక్కించుకున్నాను, వంకరటింకరగా దున్నాను. అరచేతులు బొబ్బలెక్కి, పగిలి, చివరికి కాయలు కాశాయి.

మద్రాసు పోయే రోజు మామ బేతంచెర్ల స్టేషనుకు వచ్చాడు. రైలు కదలబోతుంటే కిటికీలోంచి నా చేతులు పట్టుకున్నాడు. తడిమి, అచ్చం ఆ దొర లాగే తిప్పి చూశాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఈ చేతులు ఎవురికీ చూపియ్యొద్దు అల్లుడా" అన్నాడు.