పడవలో మిగిలిన తండ్రి

మంచిర్యాల దగ్గర గోదావరి ఒడ్డున చేపలు పట్టే బెస్త అంతయ్యకు ఒక్కడే కొడుకు, హనుమంతు. తల్లి ఎప్పుడో పోయింది. తండ్రి వల విసిరితే కొడుకు పడవ నడిపేవాడు. మిషన్ బడిలో చదువుకున్న హనుమంతు పెద్దయ్యాక బాప్తిస్మం తీసుకుని దేవదాస్ అయ్యాడు. వాడకట్టులో కొందరు అతని చేతి నీళ్లు తాగడం మానేశారు. అంతయ్య మాత్రం పాత పేరుతోనే పిలుస్తూ అతనితో కలిసే తినేవాడు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు, కాగజ్‌నగర్ మిల్లు కార్మికులకు సువార్త చెప్పడానికి చర్చి సంఘం అతన్ని పంపాలనుకుంది. ఆ ఆదివారం పాస్టరు గారు మత్తయి సువార్తలో జాలరుల భాగం చదివారు. యేసు పిలవగానే యాకోబు, యోహాను తండ్రి జెబెదయిని పడవలోనే విడిచి ఆయన వెంట నడిచారు. దేవదాస్ వెళ్తానన్నాడు.

ఇంట్లో చెప్పినప్పుడు అంతయ్య చిరిగిన వల అల్లుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"పో బిడ్డా. జర పైలం."

కాగజ్‌నగర్‌లో పని బాగానే సాగింది. అయితే అదే కథను మార్కు సువార్తలో చదివినప్పుడు ఒక మాట అతన్ని పట్టుకుంది. జెబెదయి దగ్గర కూలివాళ్లు ఉన్నారు. తన బాపు దగ్గర ఎవరున్నారు? ఆ ప్రశ్న వచ్చాక ప్రార్థనలో మనసు నిలిచేది కాదు.

వానాకాలంలో కబురు వచ్చింది. వరదలో ఒక్కడే పడవ నడుపుకుంటూ వల లాగబోయి, బండ మీద పడి అంతయ్య తుంటి విరగ్గొట్టుకున్నాడు. దేవదాస్ రైలెక్కి వచ్చాడు. తండ్రిని లేపి కూర్చోబెట్టాలన్నా, కడగాలన్నా తనే. చూడవచ్చిన పాస్టరు గారు బయటికి పిలిచి అడిగారు.

"నాగలి పట్టి ఎనుకకు చూసెటోడు పనికిరాడని ప్రభువే అన్నడు. మల్ల ఎప్పుడు పోతవు?"

"బాపు లేసేదాక పోలేనయ్యగారు."

"లేవకపోతే?"

దేవదాస్ తండ్రి దగ్గరికి లోపలికి వెళ్లిపోయాడు. నెల తిరిగేసరికి కాగజ్‌నగర్‌కు వేరొకరిని పంపారు.

అంతయ్య మళ్లీ నడవలేదు. దేవదాస్ వల వేసి ఇల్లు గడిపాడు. పిలుపును కాదన్నానా, ఇదీ పిలుపేనా?

"ఏం గుబులురా నీకు?" అని ఒక మధ్యాహ్నం తండ్రే అడిగాడు. కొడుకు జెబెదయి కథంతా చెప్పాడు.

"పడవల ఇడిసిన గా తండ్రి ఏమన్నడు?"

"ఏం రాయలే బాపు."

"రాసెటోళ్లు గూడ ఎంబడి పోయిండ్రేమో. ఆడ ఇనెటందుకు ఎవలుండ్రు?" అంతయ్య మళ్లీ అన్నాడు. "నువ్వు పోయిన్నాడు ఏడ్చిన. నువ్వు చూడలే. తుంటిరిగినంక కబురు పంపింది గూడ నేను గాదు, పక్కింటి కనకవ్వ. నీ దేవుడు పిలిచిండంటివి గద, నడుమ నేనెందుకని."

ఆ మాటతో దేవదాస్ మనసు తేలికపడలేదు. తనకంటే తండ్రే ఎక్కువ విడిచిపెట్టాడని తోచింది, అదీ ఏ దేవుడి పేరూ ఎత్తకుండా.

కొన్నేళ్లకు అంతయ్య పోయాడు. వాడకట్టువాళ్లు తమ పద్ధతిలో సాగనంపుతుంటే, చర్చిలో తప్పుపడతారని తెలిసీ దేవదాస్ పాడె మోశాడు. తర్వాత సేవకు పంపమని సంఘాన్ని అడిగితే, చూద్దామన్నారు. మళ్లీ పిలవలేదు. పడవ మీదే బతికాడు. చర్చిలో వెనుక వరుసలో కూర్చునేవాడు. ఎవరైనా కుర్రవాడు సేవకు వెళ్తానని లేచి నిలబడితే, ఆరాధన అయ్యాక బయట ఆపి అడిగేవాడు.

"ఇంట్ల ఎవలున్నరు తమ్మీ?"

ఎవరూ లేరంటే పొమ్మనేవాడు. ముసలి తండ్రి ఒక్కడే ఉన్నాడంటే మాత్రం, భుజం మీద చెయ్యి వేసేవాడు, కానీ పొమ్మనీ ఉండమనీ అనలేకపోయేవాడు.