పొలిమేర దాటించిన బంపర్

మా లారీవాళ్లలో ఒక పద్ధతి ఉంది. ప్రాణం తీసిన సామానును ఎవరూ దగ్గర ఉంచుకోరు. కరిగించరు కూడా. కరిగిన ఇనుము కొడవలై ఎవరి చేతికి పోతుందోనని భయం. నిమ్మకాయ కోసి, పసుపు చల్లి, పొలిమేర దాటిస్తారు. తాండూరు దిక్కున మాకు పొలిమేర అంటే కర్ణాటకే. అటువైపు అమ్మేస్తే పీడ వదిలిందనుకుంటాం. ఇది విని నవ్వే పెద్దమనుషులను చాలామందిని చూశాను. కొత్త కారు కొన్ననాడు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేది కూడా వాళ్లే.

మా అన్న ట్రెయిలర్ లారీ బంపర్‌ను మేము అలాగే పంపేశాం.

అన్న తాండూరులో సిమెంటు లోడు ఎత్తుకుని వికారాబాద్ వస్తూ, అనంతగిరి ఘాట్‌లో ఇంజన్ వేడెక్కిందని ఒక దిగుడు మలుపులో బండి ఆపాడు. చక్రాల కింద రాళ్లు పెట్టాడు. ముందుకు వచ్చి గ్రిల్ ఎత్తి చూస్తున్నాడు. అతని వీపు వెనక రోడ్డు పక్క గోడ. రాయి జారింది. బండి కదిలింది రెండు మూరలే. చూడటానికి వచ్చిన అధికారి, బండికి పెద్దగా ఏమీ కాలేదు, బంపర్ మూల సొట్టపోయింది, అంతే అన్నాడు. ఆ 'అంతే' విన్నప్పుడు అతని గొంతు పట్టుకోవాలనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

బండి అమ్మితే ఇల్లు గడవదు. నేను నడుపుతానన్నాను. వదిన గడపలో కూర్చుని ఒకే షరతు పెట్టింది.

"తోలు తమ్మీ, నేనొద్దన. గని గా బంపర్ మల్ల గీ దిక్కు రావొద్దు. వచ్చిందని తెలిసిన్నాడు నువ్వు బండి దిగాలె. నీకు గుడ ఏమన్న అయితే నాతోని గాదు."

దిగుతానని మాటిచ్చాను. కొత్త బంపర్ వేయించి, ఇన్నేళ్లూ ఆ బండినే నడిపాను.

మొన్నటి వానల్లో ఒక బండల గని దగ్గర బురదలో జారి రాతిదిబ్బను గుద్దాను. ఆ కొత్త బంపర్ చీలిపోయింది. చాసిస్‌కు ముందువైపు ఉండే అడ్డపట్టీ పగిలింది. బంపర్‌ను పట్టుకునే బ్రాకెట్లు వంగాయి. చాసిస్ విషయంలో నేను పాతది ముట్టను. బండికి వెన్నెముక అది, ఏ పగులును పూసి అమ్ముతున్నారో పైనుంచి తెలియదు. అడ్డపట్టీ, బ్రాకెట్లు కొత్తవే తెచ్చాను. బంపర్ మాత్రం పాతదే మేలు. ఈ కాలపు బంపర్లు అప్పడాల్లా ఉంటున్నాయి.

తాండూరులో పాత లారీ సామాన్ల దుకాణానికి పోయాను. బంపర్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు దారం లాగి చూడాలి, వంకర ఉంటే దొరికిపోతుంది. తర్వాత పానాతో కొట్టుకుంటూ పోవాలి. మంచి ఇనుము ఖంగుమంటుంది, లోపల లప్పం పూసిన చోట శబ్దం చచ్చిపోతుంది. ఒక ఎర్ర బంపర్ దారానికి సరిగ్గా నిలిచింది. ఎడమ మూల ఒక్కచోట మొద్దుగా పలికింది. ఆ మాత్రం లప్పం లేని పాత బంపర్ ఎక్కడుంటుందిలే అని అదే తీసుకున్నాను.

ఆ పక్కనే షెడ్డులో నాకు అలవాటైన మిస్త్రీ ఉన్నాడు. అడ్డపట్టీ బిగించి, బ్రాకెట్లు పెట్టి, బంపర్‌ను జాకీ మీద లేపాడు. పాత బంపర్‌కు బోల్టు రంధ్రాలు కలవడమన్నది ఉండదు. గ్యాస్‌తో కోసి పెద్దవి చేసుకోవాల్సిందే. ఇది ఎత్తగానే బోల్టులన్నీ వేలితో నెడితే లోపలికి పోయాయి.

మిస్త్రీ మురిసిపోయాడు. "అన్నా, గిది నీ బండికే పుట్టినట్టున్నదే! ఒక్క బొక్క గుడ కొయ్యలే!"

గీకుడుబిళ్ల తీసుకుని ఎడమ మూల గీకాను. ఎరుపు కింద నీలం వచ్చింది. నీలం కింద మా బండి పసుపు రంగు. లప్పం రాలితే మూడు మూలల అతుకు బయటపడింది. ఆ అతుకు అన్న వేయించినప్పుడు రేకును పట్టుకుని నిలబడింది నేనే. షెడ్డు బయటికొచ్చి కూలబడ్డాను.

దుకాణదారుని అడిగాను, ఎక్కడిదని.

"పొలిమేర అవుతలికెళ్లి వచ్చింది. ప్రాణం వోయిన సామాన్ వాళ్లు ఈడికి తోలిస్తరు, మనది మనం ఆడికి తోలిస్తం. గిది ఎప్పటికెళ్లో ఉన్నదే గదన్నా!"

"ఆడ ఏమైంది దీంతోని?"

"నాకేం ఎర్క? మనం తోలిచ్చేటప్పుడు వాళ్లు అడిగిన్రా?"

ఎరుపు రంగు మళ్లీ కొట్టిస్తే వదినకు జన్మలో తెలియదు. నా నోటి కూడూ పోదు. మిస్త్రీ పానా పట్టుకుని నా ముఖం చూస్తున్నాడు. వదినకు ఫోన్ చేశాను.

వికారాబాద్ నుంచి బస్సెక్కి వచ్చింది. షెడ్డు గుమ్మం దగ్గరే ఆగి, అక్కడి నుంచే చూసింది. దుకాణదారు అన్నదంతా చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. నాకే ఏడుపొచ్చింది.

"మల్ల పొలిమేర దాటిస్తవా?" అంది.

"గదే అనుకుంటున్న వదినా. మాటిచ్చిన గద, నేను గుడ బండి దిగుత."

"మనం తోలిచ్చినంకనే గద, ఆడ గుడ ఎవరో వోయింది?"

"ఏమో, తెలువది."

"తెలువది గద. ఆ వోయినాయన పెండ్లాం గుడ నా లెక్కనే యాడనో కూసోని ఉంటది." కొంగుతో మూతి తుడుచుకుంది. "ఇగ ఎవరింటికీ తోలియ్యకు. మనదే గది. బిగియ్యమను, నువ్వే తోలు."

మిస్త్రీ బిగించాడు. నేను బండి దిగలేదు.

ఇప్పుడు బండి ఇంటి ముందు నిలిచినప్పుడల్లా ఉదయాన్నే నేను బంపర్ మీద కాలుపెట్టి అద్దం తుడుస్తాను. దిగి, అన్న నిలబడినట్టే బండి ముందు కాసేపు నిలబడ్డానంటే చాలు, వంటింటి కిటికీలోంచి వదిన కేకేస్తుంది, "తమ్మీ, ఒకపారి ఇటు రా" అని. ఉరుకుతాను. పొయ్యి ముందు కూర్చుని ఉంటుంది. ఏంది వదినా అంటే, ఏం లేదు, పో అంటుంది.