దిద్దిన బొమ్మ

మెదడులో రక్తం ఎక్కడ ఎంత పారుతోందో చూపే స్కాన్‌కి సాఫ్ట్‌వేర్ రాయడం శాంటా క్లారాలో నా ఉద్యోగం. మతిమరుపు జబ్బుని ముందే పసిగట్టాలని మా తాపత్రయం. కోడ్ పరీక్షించడానికి ఆరోగ్యవంతుల స్కాన్లు కావాలి కాబట్టి, టీమ్‌లో అందరం ఇంట్లోవాళ్లనే తెచ్చేవాళ్లం. నేను మా ఆయన్ని తీసుకెళ్లాను.

బొమ్మలో తల వెనకవైపు రక్తం పలచగా, మచ్చలా కనిపించింది.

"నా బ్రెయిన్ ఓకేనా?" అని అడిగారు.

"మీ బ్రెయిన్‌కేం, నా కోడ్‌లోనే బగ్ ఉంది," అన్నాను.

బయటికొచ్చాక ఆయన పార్కింగ్‌లో ఎప్పుడో అమ్మేసిన కారు కోసం వెతికారు. నేను నవ్వాను కూడా. బొమ్మలో ఏ తేడా కనిపించినా ముందు కోడ్‌నే అనుమానించడం మా వృత్తికి పట్టిన జబ్బు. మూడు వారాలు కూర్చుని, ఆ మచ్చ పోయేదాకా కోడ్ మార్చాను. మేనేజర్ భేష్ అన్నాడు. ఆ మెప్పు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

రెండేళ్ల తర్వాత, ఆయన మరుపు ముదిరి చూపించుకుంటే, న్యూరాలజిస్ట్ పాత స్కాన్ ఉందా అని అడిగింది; దిద్దకముందటి బొమ్మ ఇచ్చాను. ఆమె వేలు సరిగ్గా ఆ మచ్చ మీదే ఆగింది. జబ్బు అప్పటికే మొదలైందని చెప్పింది.

నేను దిద్దిన బొమ్మ మాత్రం మా ఆఫీసు డెమోలో ఇంకా ఉంది. దాని కింద 'ఆరోగ్యవంతుడి మెదడు' అని రాసింది నేనే.