పసిఫిక్‌ను నమ్మి ఆరబెట్టిన నెత్తళ్ళు

అమీర్‌పేటలో ఒక సాయంత్రం జనం నెత్తిమీద చేపలు పడ్డాయంటే మీరు నమ్మరు. పడ్డాయి. కారణం నేనే. చెబుతాను గాని, కాస్త నెమ్మదిగా నవ్వండి. అవి మా నాన్న పడవలో పట్టిన ఆఖరి చేపలు.

నేను ఇక్కడ ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తాను. మాది సముద్రపు ఒడ్డు. తమ్ముడు నూకరాజు అక్కడే నాన్న వదిలి వెళ్ళిన చిన్న పడవ మీద వేటకు వెళ్ళేవాడు. కొన్నేళ్ళుగా ఒడ్డు దగ్గర నీళ్ళు వేడెక్కి, చేప దూరానికి జరిగిపోయింది. అంత దూరం మా పడవ పోలేదు. దాన్ని అమ్మేసి సనత్‌నగర్‌లో ఫ్యాక్టరీ పనికి వస్తానన్నాడు. ఆఖరి వేటలో పడ్డ నెత్తళ్ళను ఐసు పెట్టెలో సర్ది నాకు బస్సులో పంపాడు.

"ఎండబెట్టి దాచుకో అక్కా. ఏడాదిపాటు నాన్న పడవ నీ ఇంట్లో ఉన్నట్టే" అన్నాడు.

పెట్టె మూత తీశాను. ఆ వాసనకు కాళ్ళ కింద ఇసుక కదిలినట్టయింది. కళ్ళు మూసుకుని ఎంతసేపు నిల్చున్నానో, సాంబారు అడుగంటి చెప్పింది.

ఇక నా పాండిత్యం సంగతి. హాస్టల్ పిల్లలు నాకు యాభై రెండో ఏట అక్షరాలు నేర్పారు. అంత ఆలస్యంగా నేర్చుకున్న మనిషి ఊరుకుంటుందా? కోచింగ్ బోర్డులు, మందు సీసాలు, బస్సుల నుదుళ్ళు, అన్నీ పైకే చదివేదాన్ని. ఆ వారం పేపర్లో ఎల్‌నినో గురించి రాశారు. ఎక్కడో పసిఫిక్ సముద్రం వేడెక్కితే గాలుల నడక మారి మనకు వానలు తగ్గుతాయట. మూడుసార్లు చదివి, ఆ సముద్రానికి నేనే కాపలాదారునన్నంత ధీమాగా తిరిగాను.

నూకరాజు ఫోన్ చేశాడు. "మేడ మీద ఆరబెట్టకక్కా. ఇక్కడ గాలి తిరిగింది, తూర్పున మబ్బు కట్టింది. రేపటికి మీకు వాన."

"ఈ ఏడు వానలు లేవురా. పసిఫిక్ వేడెక్కింది."

"ఆ సముద్రం సంగతి నాకు తెలీదు. ఈ సముద్రం ముందు నిలబడి చెప్తున్నాను."

"తెలీదనేగా నేను చెప్తున్నది."

నలభై ఏళ్ళు నీళ్ళ మీద బతికినవాడు ఫోన్ పెట్టేశాడు. నేను గెలిచాననుకున్నాను.

మర్నాడు మేడ నిండా చాపలు, చాపల నిండా నెత్తళ్ళు. హాస్టల్ యజమానురాలు సుగుణమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది. ఆమెకూ పసిఫిక్ పాఠం చెప్పాను.

"గా పసిఫిక్ నాకెర్క లేదు. జర పంజాగుట్ట దిక్కు సూడు, ఎంత నల్లగైందో" అంది.

చూడలేదు. చదువుకున్నదాన్ని కదా. కిందికి పోయి చిక్కుళ్ళు ఒలుచుకున్నాను.

వాన మొదలైంది. తన చేపల్ని వెతుక్కుంటూ బంగాళాఖాతమే లేచి వచ్చినట్టు కురిసింది. నేను పైకి చేరేసరికి నెత్తళ్ళు మళ్ళీ ఈదుతున్నాయి. మేడ తూములోంచి దూకి, కింద క్లాసులు వదిలి వస్తున్న పిల్లల గొడుగుల మీద పడుతున్నాయి. ఒక పెద్దాయన భుజం మీది చేపను తీసి, ఆకాశానికి దణ్ణం పెట్టాడు.

సుగుణమ్మ మెట్ల దగ్గర నిలబడి, "ఇప్పుడేమంటది నీ పేపరు?" అంది.

పేపరు తప్పేం లేదట. హాస్టల్ పిల్ల ఒకతె చెప్పింది: వానాకాలం మొత్తం మీద వానలు తగ్గొచ్చన్నారు గాని, రేపు పడదని ఎవరూ అనలేదట.

ఏరగా రెండు గుప్పెళ్ళు మిగిలాయి. అవీ ముసురుకు కుళ్ళిపోయాయి. తమ్ముడికి చెబితే తిట్టలేదు. "పోనీలే అక్కా, నీళ్ళలోవి నీళ్ళలో పోయాయి" అన్నాడు. ఇద్దరం నవ్వాం. నేను కాస్త ఎక్కువసేపు ముక్కు చీదుకున్నాను.

సముద్రం పక్కనున్నవాడికి సముద్రం గురించి జన్మలో పాఠం చెప్పనని పేపరు మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నాను. నిలుపుకోవడం తేలికే. మావాళ్ళలో ఇప్పుడు సముద్రం పక్కన ఎవరూ లేరు. నూకరాజు సనత్‌నగర్ నుంచి రోజూ పొద్దున్నే ఫోన్ చేస్తాడు.

"అక్కా, ఇక్కణ్ణుంచి ఏమీ కనబడటం లేదు. సముద్రం ఎలా ఉందో పేపర్లో చూసి చెప్పు."