సూది గుచ్చుకున్న సంగతి దాచిపెట్టిన

ఆ పొద్దున నాచారంలో మా కిరాయి ఇంట్ల అమ్మ పప్పుకు పోపు పెడుతుంటే నాకు కడుపుల తిప్పింది. బయటికి ఉరికి వాంతి చేసుకున్న. అప్పటికే నాలుగు రోజుల సంది ఒళ్లు బరువు, మూత్రం డికాషన్ రంగు. అమ్మ నా మొఖం వెలుతురు దిక్కు తిప్పి చూసింది. "కండ్లు పచ్చగైనయి బిడ్డా" అన్నది.

అప్పుడు నేను ఉప్పల్‌ల మెడికల్ అసిస్టెంట్ కోర్సు చేస్తున్న. ఇంటర్ బైపీసీ అయినంక రెండేండ్లు మల్లాపూర్‌ల ప్యాకింగ్ పని చేసిన. మా అన్న పని కూడా అక్కడే, లేత్ మిషన్ మీద. "దవాఖానాల కొలువైతే మర్యాద ఉంటది" అని అన్ననే ఈ కోర్సు కనుక్కొచ్చిండు. ఆరు నెలలు చదివితే పెద్ద ఆస్పత్రిల ఉద్యోగం పక్కా అన్నడు ఆ కోర్సు నడిపే సార్. అంతకుమించి మేమేం అడగలే.

నెల కాంగనే పీర్జాదిగూడలో ఒక నర్సింగ్ హోమ్‌కు ట్రైనింగ్‌కు పంపిన్రు. ఒక ముసలాయనకు రక్తం తీసి, సూదికి మూత పెడుతుంటే నా బొటనవేలికి గుచ్చుకున్నది. సిస్టర్ స్పిరిట్ దూది ఇచ్చింది, అంతే. కోర్సు సార్‌కు చెప్తే, "ఎవ్వరితోని అనకమ్మా, ప్లేస్‌మెంట్‌కు కష్టమైతది" అన్నడు. ఇంట్ల కూడా చెప్పలే. అది జరిగిన మూడు నెలలకు ఈ వాంతులు.

దవాఖానాల ఎల్ఎఫ్‌టీ, అంటే లివర్ పరీక్ష చేసిన్రు. ఒకటి దగ్గర ఉండాల్సిన బిలిరుబిన్ పదకొండు ఉన్నది. తెల్లారి హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్ వచ్చింది. "హెపటైటిస్ బి. ఎప్పుడన్నా సూది గుచ్చుకుందా?" అని డాక్టరమ్మ అడిగింది. అన్న పక్కనే ఉన్నడు. తల వంచుకొని చెప్పిన.

"వ్యాక్సిన్ వేసుకున్నావా?"

"అసొంటిది ఉంటదని తెల్వది మేడమ్."

"ఆ రోజే వచ్చి ఉంటే ఇంజెక్షన్, వ్యాక్సిన్ ఇచ్చేవాళ్లం. చాలావరకు ఆగేది" అన్నది.

తొమ్మిది రోజులు వార్డుల ఉన్న. ఒళ్లంతా దురద, గోకితే రక్తం. అన్న మంచం పక్కన కూసొని, "నేనే చేర్పించిన" అని ఒక్కటే మాట. నాకు కోపం రాలే, ఏడుపూ రాలే. నీరసంల అవి కూడా రావు.

పెద్దవాళ్లల్ల ఇది ఎక్కువమందికి దానంతటదే పోతదని చెప్పిన్రు. నాకు పోలే. ఆరు నెలలకు మళ్లా పాజిటివ్. "క్రానిక్ అయింది. రోజూ టాబ్లెట్ వేసుకోవాలె, ఆపొద్దు" అన్నది డాక్టరమ్మ. కోర్సు వాళ్లు హాజరు లేదని నా పేరు తీసేసిన్రు. నాతోని చదివిన సంధ్య సర్టిఫికెట్ పట్టుకొని పెద్ద ఆస్పత్రికి పోతే, దానికి పారామెడికల్ బోర్డు గుర్తింపు లేదన్నరట. ఇప్పుడు ఆమె ఆయా పని చేస్తుంది.

నేను నాచారంల ఒక కంటి క్లినిక్‌ల చీటీలు రాస్తున్న. రోజూ గోళి, ఆరు నెలలకోసారి రక్తంల వైరస్ ఎంతున్నదో చూసే వైరల్ లోడ్ పరీక్ష, స్కానింగ్. ఒకచోట సంబంధం కుదిరినట్టే అయింది. జబ్బు సంగతి మేమే చెప్పినం. మళ్లా వాళ్లు ఫోన్ చెయ్యలే.

ఈ చదువుల చేరేటోళ్లకు ఒక్క మాట. బోర్డు గుర్తింపు ఉన్నదా, వార్డుకు పంపకముందే హెపటైటిస్ బి వ్యాక్సిన్ వేయిస్తరా అని అడుగుండ్రి. జవాబు కాగితం మీద తీసుకోండ్రి. సూది గుచ్చుకుంటే ఎవ్వరేమన్నా ఇనకుండా ఆ గంటల్నే దవాఖానాకు పోండ్రి.