కన్ను పోయిన గడి

భూపాలపల్లిలో మేముండే క్వార్టర్లో అలమార మీద ఒక రేకు డబ్బా ఉంది. మూత తీస్తే లోపల ఉన్నవి చదరంగం పావులే అయినా, ముందు వేయించిన నువ్వుల వాసనే వస్తుంది. పాలకుర్తిలో మా మేనత్త బతుకమ్మ పండుగకు నువ్వుల సత్తు దాచిన డబ్బా అది. మిగతా ఏడాదంతా పావులకిచ్చేది కాబట్టి మా ఇంట్లో మంత్రికీ బంటుకూ ఒకటే వాసన.

పత్తి ఏరి తెచ్చిన రోజుల్లో ముందుగది సగం దాకా తెల్లగా నిండిపోయేది. ఆ కుప్పకు ఆనుకుని, జుట్టులో పత్తి పోగులతో, వక్క నములుతూ అత్త ఆడేది. ఊళ్లో ఆమెను ఓడించినవాళ్లు లేరు. జనగామలో పిల్లల పోటీలున్నాయని తెలిసి నేను వెంటపడితే, "ముందుగాల నన్ను గెలువు. గప్పుడు తోల్కపోత" అంది. అదే నాకు పంతమైంది.

ఎండాకాలం సెలవులకు జనగామలో చిన్నాన్న దగ్గరికి పోయాను. ఆయన టైపింగ్ దుకాణంలో గిరాకీ లేనప్పుడు కంప్యూటరుతో ఆడనిచ్చేవాడు. కూలరు గడ్డి తడి వాసన, బయట మామిడిపండ్ల బండివాడి కేక, ఎదురుగా ఆ తెర! నేను ఎంతో ఆలోచించి వేసిన ఎత్తుకు అది చిటికెలో జవాబిచ్చేది. దానికి ఆకలి లేదు, అలక లేదు. కాపలా లేని పావును ఒక్కదాన్నీ వదిలేది కాదు. దేవుడి ముందు కూర్చున్నట్టే కూర్చునేదాన్ని. సెలవులు అయిపోయేసరికి దాన్ని అప్పుడప్పుడు గెలవసాగాను.

ఆ ధీమాతో ఇంటికొచ్చి వానాకాలమంతా అత్త చేతిలో ఓడిపోయాను. ఆటలు కాస్త పొడుగయ్యాయి, అంతే. బతుకమ్మ ముందురోజు, వాకిట్లో తంగేడు పూలు కుప్పపోసి ఉండగా, ఏడుపు ఆపుకుంటూ అడిగాను.

"అత్తా, నువ్వు బోర్డు దిక్కు సూడకుంట ఎట్ల గెలుస్తవ్?"

"నీ మొకం సూస్తె సాలదా బిడ్డా? నీ కన్ను యాడికి పోతదో చెయ్యి సుత గాడికే పోతది."

ఎండాకాలమంతా తెర ముందు కూర్చుని, పావు పోవాల్సిన గడినే గుడ్లప్పగించి చూడటం అలవాటు చేసుకున్నాను. కంప్యూటరు నాకు ఆట నేర్పింది గానీ ఒక్కసారీ నన్ను చూడలేదు. అత్త నన్నే చూసింది.

మళ్లీ ఆడాం. ఈసారి ఎడమ మూలనున్న అత్త ఏనుగు మీదే చూపు నిలిపి కూర్చున్నాను. అత్త అటే కాపలా పెట్టింది. కుడివైపు నుంచి నా గుర్రం దూకింది. రాజు కదలడానికి గడి లేదు. అత్త బోర్డును, నన్ను మార్చి మార్చి చూసి పగలబడి నవ్వి, నా నోట్లో సత్తు ముద్ద పెట్టింది.

"దొంగదానా! కన్ను దాసుడు సుత నేర్సినవా? ఇగ పోదాం పా జనగామకు."

అత్త ఇప్పుడు లేదు. పత్తి కూడా ఇంట్లోకి రాదు, చేను దగ్గరే ట్రాక్టరెక్కి పోతుంది. ఇప్పుడు నేను ఆడేది ఫోన్లో. దాన్ని ఓడించగల మనిషే లేడట, ఆ తెలివికి ఇప్పటికీ నోరు తెరుస్తాను. కానీ గుర్రాన్ని కదిపే ముందు నా కళ్లు వాటంతటవే ఎడమ మూలకు పోతాయి. ఎదురుగా చూసేవాళ్లెవరూ లేరని తెలుసు. అయినా పోతాయి.